పాత ఇల్లు బాగుచేయించాలా, పడగొట్టి కట్టాలా? ఇంటీరియర్ డిజైనర్‌ను ఎప్పుడు పిలవాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: గుంటూరు విద్యానగర్‌లో 200 గజాల్లో నాన్నగారు 1994లో కట్టించిన రెండు బెడ్‌రూముల ఇల్లు. అమ్మానాన్నలిద్దరికీ డెబ్భై దాటింది, అక్కడే ఉంటున్నారు. అడిగినవారు ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉన్నారు. కింద ఇల్లు బాగుచేయించి పైన ఒక ఫ్లోర్ వేయాలని ఆలోచన. కాంట్రాక్టర్ మాత్రం పడగొట్టి కొత్తది కడదామని, ఇంటీరియర్ వాళ్లను ఇల్లు పూర్తయ్యాక పిలుద్దామని అంటున్నారట.

నేను విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో చాలా ఏళ్లుగా ఇళ్ల డిజైన్ పని చేస్తున్నాను. సొంతంగా కట్టించుకునే ఇళ్లు, పాత ఇళ్ల రీమోడలింగ్, రెండూ చేస్తాను. మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, మొదటిదానికి దారి అందులోనే ఉంది.

ఇల్లు పూర్తయ్యాక డిజైనర్ చేతిలో మిగిలేది రంగులు, కర్టెన్లు, ఫాల్స్ సీలింగ్, వార్డ్‌రోబ్ లామినేట్. మీ అమ్మగారి జీవితాన్ని సుఖపెట్టేవి అవి కావు. బాత్రూమ్ తలుపు ఎంత వెడల్పు, అది లోపలికి తెరుచుకుంటుందా బయటికా, మంచం పక్కన స్విచ్ చేతికి అందుతుందా, వంటగట్టు ఎత్తు ఎంత, కిటికీ ఏ గోడకు ఉంది... ఇవన్నీ గోడ లేచే రోజుకే తేలిపోయి ఉండాలి. కొత్త ఇల్లయినా, పాత ఇల్లయినా మొదట కాగితం మీదకు రావాల్సింది ఫర్నిచర్ ప్లాన్. మంచం ఎక్కడ, బీరువా ఎక్కడ, ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుంది, నలుగురు చుట్టాలొస్తే ఎక్కడ కూర్చుంటారు అన్నది స్కేలు ప్రకారం గీసి, ఆ తర్వాత గోడలు, ఆ తర్వాత స్విచ్ బోర్డులు, పైపులు గీయాలి. మన దగ్గర ఈ వరుస తిరగబడుతుంది. ముందు గదులు 10×11, 12×12 అని కొలతలు పెట్టేస్తారు, తర్వాత అందులో ఆరడుగుల మంచం వేస్తే బీరువా తలుపు సగమే తెరుచుకుంటుంది. అప్పుడు కార్పెంటర్ స్లైడింగ్ తలుపు పెట్టి సర్దుతాడు. ఇల్లంతా ఇలాంటి సర్దుబాట్లతోనే నిండిపోతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ముప్పై ఏళ్లు దాటిన ఇల్లు కనుక పడగొట్టాల్సిందే అని ఎవరైనా చూడకుండా చెబితే నమ్మొద్దు. అలాగే "అప్పటి కట్టుబడి గట్టిది, ఢోకా లేదు" అన్నా నమ్మొద్దు. మూడు విషయాలు చూడాలి.

మొదటిది రోడ్డు. గుంటూరులోనే కాదు, మన పట్టణాలన్నిటిలోనూ ఉన్న గోడు ఇదే. ఉన్న రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ సిమెంట్ రోడ్డు వేయడంతో పాత ఇళ్లు గుంతలో పడిపోతున్నాయి. మీ హాల్ ఫ్లోరింగ్ ఇప్పుడు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో కొలిపించండి. లెవెల్ ట్యూబ్ పెడితే మేస్త్రీ పది నిమిషాల్లో చెప్పేస్తాడు. కనీసం అడుగున్నర ఎత్తు ఇంకా ఉంటే చింత లేదు. రోడ్డుకు సమానమైపోతే గట్టి వాన పడిన రోజు డ్రైనేజీ నీళ్లు బాత్రూమ్ ట్రాప్‌లోంచి (నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రం) వెనక్కి వస్తాయి. అలాంటి ఇంట్లో లక్షలు పెట్టి మాడ్యులర్ కిచెన్ చేయించడం డబ్బు పారేసుకోవడమే. జాకీలతో ఇల్లు లేపే పద్ధతి ఉంది, మన జిల్లాల్లో కూడా చేస్తున్నారు. కానీ లేపి, ఆపైన మరో ఫ్లోర్ వేయాలనుకుంటే నేను వద్దంటాను. ఆ ఖర్చుతో కొత్తది కట్టుకోవడం మేలు.

రెండోది స్లాబ్. ఒక స్క్రూడ్రైవర్ వెనక భాగంతో స్లాబ్ అడుగున అక్కడక్కడ తట్టిస్తే డొల్ల శబ్దం తెలిసిపోతుంది. బాత్రూమ్ పైన, సజ్జల కింద, వాటర్ ట్యాంక్ ఉన్న చోట ముందు చూడండి. పెచ్చులు ఊడి ఇనుము కనిపిస్తుంటే, అది ఒక మూలకే పరిమితమైతే తుప్పు తీసి, పాలిమర్ మోర్టార్‌తో (పాలిమర్ కలిపిన సిమెంట్ మిశ్రమం) రిపేర్ చేయొచ్చు. ప్రతి గదిలో అలాగే ఉంటే స్లాబ్ వయసు అయిపోయినట్టే. ఫాల్స్ సీలింగ్ వేసి దాన్ని కప్పేయమని మాత్రం ఎవరినీ అడగకండి. పైనుంచి పెచ్చు పడితే జిప్సమ్ బోర్డు ఆపదు. పైగా లోపల ఏం జరుగుతోందో ఎవరికీ కనిపించదు.

మూడోది పునాది. పైన ఫ్లోర్ వేయాలా వద్దా అన్నది ఇదే తేలుస్తుంది. గుంటూరు చుట్టుపక్కల చాలా చోట్ల నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు ఉంటే, అవి మే నెలలో పెద్దవై వానలకు మూసుకుంటుంటే, కదులుతున్నది నేల. బీటకు అడ్డంగా ఒక చిన్న గాజు ముక్కను ఎపాక్సీతో అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాయించండి. గాజు పగిలితే బీట ఇంకా కదులుతున్నట్టు లెక్క. కదులుతున్న బీట మీద ఎన్ని సార్లు లప్పం పెట్టినా మళ్లీ తేలుతుంది.

1994 నాటి ఇల్లు కాబట్టి పిల్లర్లు లేకుండా తొమ్మిది అంగుళాల గోడల మీదే స్లాబ్ కూర్చుని ఉండే అవకాశం బాగా ఉంది. నాన్నగారిని అడగండి, కట్టించినవారికి గుర్తుంటుంది. పాత ప్లాన్ కాగితాలు బీరువాలో ఉండొచ్చు. ఆ తర్వాత ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిపించి, గోడ పక్కన గుంత తీయించి, పునాది ఎంత లోతుంది, ఎంత వెడల్పుంది చూపించండి. ఇది నా పని కాదు, ఏ ఇంటీరియర్ డిజైనర్ పనీ కాదు, మేస్త్రీ పని అసలే కాదు. ఆ రిపోర్ట్ చేతికి రాకుండా పైన ఫ్లోర్ మాట ఎత్తొద్దు. పాత గోడలు మోయలేవని ఇంజనీర్ చెబితే, పాత ఇంటి బయట వైపు నుంచి విడిగా కొత్త పిల్లర్లు లేపి పైన ఫ్లోర్‌ను వాటి మీద నిలబెట్టే దారి కూడా ఉంది. ఖర్చు ఎక్కువే, కానీ కింద అమ్మానాన్నలు ఇల్లు వదలకుండా పని జరుగుతుంది. అయితే దానికి చుట్టూ ఖాళీ స్థలం ఉండాలి, సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) నిబంధనలు ఒప్పుకోవాలి. ఎలాగూ అదనపు ఫ్లోర్‌కు కార్పొరేషన్ అనుమతి తప్పదు, లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్ (ఎల్‌టీపీ) ద్వారా ప్లాన్ పెట్టాలి కాబట్టి ఆయనను ఇంజనీర్‌తో కలిపి ఒకేసారి కూర్చోబెట్టండి.

ఈ మూడింటిలో రెండు చెడుగా ఉంటే పడగొట్టండి. ఒకటే చెడుగా ఉంటే, అది రోడ్డు లెవెల్ కాకపోతే, నేను బాగుచేయించడం వైపే ఉంటాను. డెబ్భై దాటినవాళ్లను కట్టుబడి అయ్యేదాకా ఏడాదికి పైగా అద్దె ఇంట్లో పెట్టడం చిన్న విషయం కాదు. తెలిసిన ఇరుగుపొరుగు, పాలవాడు, నడిచి వెళ్లే గుడి, ఇవన్నీ ఆ ఇంట్లో భాగమే.

బాగుచేయించడమే అని తేలితే, హాల్‌కీ వంటగదికీ మధ్య గోడ తీసేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తొమ్మిది అంగుళాల గోడైతే ముట్టుకోవద్దు. తీయాల్సిందే అనుకుంటే ఇంజనీర్ డిజైన్ చేసిన బీమ్ వేసి, ముందు స్లాబ్‌కు ప్రాప్స్ (తాత్కాలికంగా మోసే నిలువు ఆసరాలు) పెట్టి, అప్పుడే తీయాలి. నాలుగున్నర అంగుళాల గోడ కూడా ఒట్టి అడ్డుగోడే అని ఊహించకండి. పాత ఇళ్లలో దాని మీదా బరువు పడి ఉండొచ్చు. నన్నడిగితే, రోజూ తిరగమోత పెట్టే మన వంటకు పూర్తిగా తెరిచిన వంటగది అంత మంచిది కాదు. గోడలో నాలుగడుగుల కిటికీ లాంటి తెరపు పెట్టి, గాజు స్లైడింగ్ తలుపు వేస్తే అమ్మగారు వంట చేస్తూ హాల్లోవాళ్లతో మాట్లాడొచ్చు, పొగ మాత్రం హాల్లోకి రాదు.

వంటగది గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఇక్కడే అందరూ కేటలాగ్ చూసి నిర్ణయిస్తారు కాబట్టి. డిజైనర్ ఎవరైనా సరే, ఒక పూట అమ్మగారు వంట చేస్తుంటే పక్కన నిలబడి చూడమని చెప్పండి. నేను ప్రతి ఇంట్లో ఇదే చేస్తాను. ఉదయం ఏడింటికి ఇడ్లీపాత్ర పొయ్యి మీద ఉంటుంది, పక్క పొయ్యి మీద పాలు. చట్నీకి మిక్సీ కావాలి, దాని ప్లగ్ గట్టుకి ఆ చివర ఉంటుంది. ఆవిడ మిక్సీ జార్ పట్టుకుని అటు నడుస్తారు, మళ్లీ పోపుల పెట్టె కోసం ఇటు వస్తారు, మినప్పప్పు డబ్బా కోసం నడుం వంచి కింది అరలోకి చేయి పెడతారు. సింక్ దగ్గర గిన్నెలు కడిగి పెట్టడానికి చోటు లేక పొయ్యి పక్కనే బోర్లిస్తారు. ఈ అరగంట చూస్తే డ్రాయింగ్ మొత్తం మారిపోతుంది. పోపుల పెట్టె, నూనె పొయ్యికి కుడి చేతి కింద మొదటి డ్రాయర్‌లోకి వస్తాయి. రోజూ వాడే పప్పుల డబ్బాలు వంగాల్సిన చోట నుంచి నడుం ఎత్తుకు ఎక్కుతాయి. సింక్ పక్కన రెండడుగుల ఖాళీ గట్టు తప్పనిసరి అవుతుంది. ఆవకాయ జాడీలకు పుల్ అవుట్ వద్దు, కింద గట్టి కడప రాయి అర ఒకటి చాలు. వెట్ గ్రైండర్‌కు గట్టు మీద కాకుండా రెండడుగుల ఎత్తులో విడి పీట కట్టిస్తే పిండి తీసేటప్పుడు భుజం నొప్పి ఉండదు.

గట్టు ఎత్తు అందరికీ 34 అంగుళాలు పెట్టేస్తారు. అమ్మగారి ఎత్తు ఐదడుగులైతే 32 దగ్గర ఆగండి. మోచేయి వంచి నిలబడితే గట్టు దానికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కింద ఉండాలి, అదే కొలత. గట్టు లోతు రెండడుగులు, పై అరల లోతు అడుగు. చిమ్నీ గొట్టానికి ఆరంగుళాల రంధ్రం టైల్స్ వేయకముందే కొట్టించాలి, ఎంత తక్కువ వంపులతో బయటికి వెళితే అంత బాగా లాగుతుంది. గ్యాస్ సిలిండర్ బయట పెట్టి లోపలికి పైపు తీసుకుంటే ఇంకా మంచిది. సిలిండర్ గూటికి గాలి రంధ్రాలు కింద ఉండాలి, ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.

ఇక బాత్రూమ్. అమ్మానాన్నల గదికి ఆనుకున్న బాత్రూమ్ తలుపు పాత ఇళ్లలో రెండున్నర అడుగులే ఉంటుంది. దాన్ని మూడడుగులు చేయించండి, తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా స్లైడింగ్ కావాలి. లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును బయటినుంచి తీయలేం. గడప అర అంగుళం దాటొద్దు. కమోడ్ పక్కన, స్నానం చేసే చోట స్టీల్ పట్టుకమ్మీలు ఇప్పుడు అక్కర్లేదనిపించినా, అవి వచ్చే చోట గట్టి ఇటుక గోడ ఉండేలా చూడండి. పైపుల కోసం కొట్టిన గాడి సరిగ్గా అక్కడే వస్తే కమ్మీ నిలబడదు. పాత జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపులన్నీ తీసేసి సీపీవీసీ (వేడినీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించండి. టైల్స్ మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయించాలి. పైపుల్లో ప్రెషర్ పెట్టి చూడటం ఒకటి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నేల నిండా నీళ్లు కట్టి కనీసం ఒక రోజు ఉంచి చూడటం రెండు. పైన ఫ్లోర్ వేస్తే పై బాత్రూమ్‌కు ఇది మరీ ముఖ్యం. ఆ రోజు మీరు బెంగళూరులో ఉంటే వీడియో కాల్‌లో చూడండి.

కరెంటు విషయంలో బేరం వద్దు. ఆ రోజుల వైరింగ్‌లో చాలా ప్లగ్‌లకు ఎర్త్ ఉండదు. మొత్తం తీయించి లైట్లకు 1.5, ప్లగ్‌లకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. మంచం రెండు వైపులా స్విచ్‌లు, గది గుమ్మం దగ్గరా మంచం దగ్గరా రెండు చోట్ల నుంచీ పనిచేసే లైట్ ఒకటి. మీటర్ మీద లోడ్ ఎంత మంజూరైందో చూసుకుని ముందే పెంచుకోండి.

మీ ఇంట్లో ఫ్లోరింగ్ మొజాయిక్ అయితే దయచేసి దాని మీద టైల్స్ వేయించకండి. మిషన్‌తో అరగదీసి పాలిష్ పెడితే కొత్తదానిలా మెరుస్తుంది, ఎండాకాలం చల్లగా ఉంటుంది, ముప్పై ఏళ్ల నుంచి ఆ నేల మీద నడిచిన కాళ్లకు అలవాటైనది. టైల్ మీద టైల్ వేస్తే నేల పైకి లేచి ప్రతి తలుపూ అడుగున కోయాల్సి వస్తుంది. అలాగే అప్పటి టేకు ద్వారబంధాలు, తలుపులు తీసి పాత సామాన్ల వాళ్లకు అమ్మేయకండి. చిత్రిక పట్టి పాలిష్ చేయిస్తే ఇప్పుడు మార్కెట్లో దొరికే చాలా తలుపుల కంటే అవే మేలు.

గోడల్లో చెమ్మ ఉంటే రంగు వేసే ముందే దాని సంగతి తేల్చాలి. నేల నుంచి మూడడుగుల వరకు లప్పం ఉబ్బి రాలుతుంటే అది కింది నుంచి ఎక్కే చెమ్మ. ప్లాస్టరింగ్ చెక్కించి, గోడ ఆరనిచ్చి, చెమ్మ ఎక్కకుండా ట్రీట్‌మెంట్ చేయించాలి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా వాలుగా గచ్చు చేయిస్తే నల్లరేగడి కదలిక కూడా తగ్గుతుంది. పచ్చి గోడకు వార్డ్‌రోబ్ ఆనించారంటే వెనక ప్లైవుడ్‌కు బూజు పట్టి, కొన్నాళ్లకు పట్టుచీరలకు వాసన వస్తుంది. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని దానికోసం పరుగులు పెట్టిన ఇళ్లలో ఇది తరచూ చూస్తాను. పాలు పొంగించి, వ్రతం చేసుకుని, గోడలు ఆరాక చెక్క పని మొదలుపెట్టినా ఏ దోషమూ లేదు. వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిగారిని డ్రాయింగ్ దశలోనే కూర్చోబెట్టండి. ఆగ్నేయంలో పొయ్యి, నైరుతిలో పెద్దల గది అన్నవి కాగితం మీద సులువుగా అమరుతాయి. గోడలు లేచాక వచ్చి ఒక గుమ్మం జరపమంటే ఖర్చు, టెన్షన్ రెండూ మీవే.

కొటేషన్ల గురించి ఒక ముఖ్యమైన మాట. చదరపు అడుగు రేటు చూసి ఎవరినీ ఎంచుకోకండి, కొలత ఎలా వేస్తారో ముందు అడగండి. ఉదాహరణకు ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్. ఒకరు ముందు భాగం మాత్రమే కొలిచి చదరపు అడుగుకు 1,500 అంటారనుకుందాం. 49 చదరపు అడుగులకు 73,500 అవుతుంది. మరొకరు 500 మాత్రమే అంటారు, కానీ వాడిన ప్రతి చెక్కనూ కొలుస్తారు. పక్కలు 28, పైనా కిందా కలిపి 28, వెనక 49, తలుపులు 49, మధ్య పార్టిషన్ 14, నాలుగు అరలు 28, మొత్తం 196. అప్పుడు 98,000. మూడో వంతు రేటు చెప్పినవారి దగ్గరే బిల్లు పెరిగింది. ఇంటి కట్టుబడికీ ఇదే గొడవ. పోర్టికో, సజ్జలు, మెట్ల గది ఏరియాలో కలుపుతారా? సంప్, కాంపౌండ్ గోడ, గేటు, ఓవర్‌హెడ్ ట్యాంక్ అందులోనే ఉన్నాయా, విడిగానా? ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి.

ప్లైవుడ్ అయితే వంటగదికి, సింక్ కిందకు ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం), మిగతా చోట్ల ఐఎస్ 303లో బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) గ్రేడ్ అని కొటేషన్‌లో ఉండాలి, ఒట్టి "వాటర్‌ప్రూఫ్ ప్లై" అన్న మాట చాలదు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు పక్కన లైసెన్స్ నంబర్ ముద్రించి ఉంటుంది. దాన్ని బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తేలిపోతుంది. షీట్లు దిగిన రోజు, కోయకముందే నాన్నగారిని ఫోటోలు తీసి పంపమనండి. డబ్బు పని దశలను బట్టి ఇవ్వండి, చివరి పది శాతం తలుపులు, డ్రాయర్లు అన్నీ సరిగ్గా సర్దాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

మీరు ఇంకో రెండు విషయాలు చెబితే మెట్లు ఎక్కడ రావొచ్చో నేను చెప్పగలను: ఇల్లు ఏ ముఖం, దక్షిణం, పడమర వైపుల ప్రహరీకి, ఇంటి గోడకు మధ్య ఎంత ఖాళీ ఉంది. పై ఫ్లోర్ మీరు వచ్చినప్పుడు ఉండటానికా, అద్దెకివ్వడానికా అన్నది కూడా రాయండి. అద్దెకైతే మెట్లు, మీటర్, నీళ్ల లైన్ మూడూ మొదటి నుంచే విడిగా వేయాలి.